బయటికొచ్చాక కొట్లాడుకోండి

నిన్న హన్మకొండలో ఫస్ట్ షోకి అమ్మను తీసుకెళ్లాను, భారతం కథ మీద తీసిన కొత్త గ్రాఫిక్స్ సినిమా. వెనక సీట్లో ఒకాయన మొదలుపెట్టాడు, 'గద అట్ల పట్టుకుంటరా? భారతంల ఇట్ల లేదు' అని, పక్క కుర్రాడేమో 'అంకుల్, ఇది ఫాంటసీ, మీకర్థం కాదు' అని, ఇద్దరి గోలలో అమ్మకు ఒక్క డైలాగూ వినపడలేదు. ఇంటర్వెల్‌లో సమోసాలు తింటూ కూడా అదే గొడవ.

నచ్చకపోవడం తప్పు కాదు, నాకూ ఆ రాక్షసుడి ముఖం ప్లాస్టిక్ బొమ్మలా అనిపించింది. కానీ మూలంలో లేదు కాబట్టి తప్పే అంటే ఎలా? 1957లో వచ్చిన మాయాబజార్‌ను నెత్తిన పెట్టుకుంటాం కదా, ఆ శశిరేఖ పెళ్లి కథ వ్యాస భారతంలో ఎక్కడుంది? అమ్మ చిన్నప్పుడు గోనెసంచి పరుచుకుని తెల్లవార్లూ చూసిన చిందు భాగోతంలోనూ సొంత మాటలు కలిపేవాళ్లట.

అలాగని, చిన్నప్పటి నుంచి గుండెల్లో పెట్టుకున్న భీముణ్ణి పాడుచేశారని ఎవరైనా బాధపడితే 'పాతకాలం మనిషి' అని కొట్టిపారేయడం చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ బాధ నిజమే. బయటికొచ్చాక చాయ్ తాగుతూ ఎంతసేపైనా మాట్లాడుకోండి, ఎవరొద్దన్నారు?

ఆటోలో అమ్మ అడిగింది, 'బిడ్డా, ఇంతకీ సినిమాల ఆ పిలగాడు ఎవరి కొడుకట?'