నికోటిన్‌కు మెదడులో తాళం ఒక్కటే కాదు

కోనసీమలో మా ఊరివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం చేతులు మారుతూ తిరుగుతోంది: "మెదడులో నికోటిన్‌కు ఉన్నది ఒకే తాళం. మూడు రోజులు ఆపితే ఒంట్లోంచి నికోటిన్ పోతుంది. ఆ తరువాత కూడా మానలేనివాడికి మనోబలం లేనట్టే. పొగ గుండెల్లోకి పీల్చరు కనుక లంక పొగాకు చుట్టకు ఆ బాధే లేదు." మా నాన్న ఆరుసార్లు చుట్ట మానబోయారు. ఆఖరిసారి నెల రోజులు నిలబడి, నూర్పుల రాత్రి మళ్లీ వెలిగించారు. ఆయనకు మనోబలం లేదనే మాటను నేను ఒప్పుకోను.

తాళం ఒక్కటే అన్నది మొదటి తప్పు. ఆ తాళం అంటే నాడీకణం మీద నికోటిన్ అతుక్కునే గ్రాహకం. అది ఐదు ప్రొటీన్ ముక్కల కూర్పు. ముక్కలు మారితే దాని గుణమూ మారుతుంది. మధ్యమెదడులో, మళ్లీ కావాలనిపించే డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలున్న చోట, ముక్కల పేర్లను బట్టి ఆల్ఫా4-బీటా2 రకం, ఆల్ఫా6 కలిసిన రకం, ఐదూ ఆల్ఫా7 ముక్కలే అయిన రకం ఉన్నాయి. డోపమైన్ కణాలను గాబా అనే రసాయనంతో అదుపు చేసే కణాల మీద ముఖ్యంగా ఆల్ఫా4-బీటా2 ఉంటుంది. డోపమైన్ కణాలను గ్లుటమేట్ అనే రసాయనంతో ప్రేరేపించే నాడుల కొసల మీద ఆల్ఫా7 ఉంటుంది. పొగ తాగేవారి రక్తంలో ఉండేపాటి నికోటిన్‌కే ఆల్ఫా4-బీటా2 మొద్దుబారిపోతుంది, ఆల్ఫా7 అంతగా మొద్దుబారదు. అదుపు సడలుతుంది, ప్రేరణ మిగులుతుంది. మురుగు కాలువ తూము మూసుకుపోయి, పంట కాలువ తూము తెరిచే ఉంటే చేను మునగదా?

ఈ ముక్కల విలువ ఎంతో 1998లో వెలువడిన ప్రయోగం చూపింది. కొకైన్‌కు అలవాటుపడ్డ చిట్టెలుకలకు దాని బదులు నికోటిన్ అందిస్తే, మామూలువి తీసుకుంటూనే ఉన్నాయి. బీటా2 లేకుండా పుట్టినవి దాన్ని వదిలేశాయి. అక్కడ మనోబలం ప్రసక్తే లేదు.

ఇక మూడు రోజుల సంగతి. నికోటిన్ ఒంట్లోంచి పోవడం నిజమే, రక్తంలో అది సగానికి తగ్గడానికి సుమారు 2 గంటలు చాలు. కానీ ఏళ్ల తరబడి పొగ తాగిన మెదడులో ఆల్ఫా4-బీటా2 గ్రాహకాల సంఖ్య పెరిగి ఉంటుంది. మానేశాక అవి మామూలు స్థాయికి దిగడానికి 6 నుంచి 12 వారాలు పట్టవచ్చని స్కాన్లు చూపాయి. నాన్న నిలబడిన నెల ఆ గడువు లోపలిదే.

చుట్ట విషయం చెప్పడం తేలిక. దాని పొగకు క్షారగుణం ఉంటుంది. నోటి పొరలోంచే నికోటిన్ రక్తంలో కలుస్తుంది, గుండెల నిండా పీల్చనక్కర లేదు.

ఆల్ఫా4-బీటా2ను కొంతమేరకే తెరిచి, నికోటిన్‌కు చోటు దక్కనివ్వని వరెనిక్లిన్ అనే మందు 2006లో అమెరికాలో అనుమతి పొందింది. వైద్యుడి సలహాతో వాడవలసిన మందు అది. మా నాన్నకు దాని గురించి ఎవరూ చెప్పలేదు. మూడు రోజులు ఓర్చుకోమన్నారు, అంతే.