మందు వికటిస్తే రుజువు భారం రోగిదేనా?

డాక్టర్ రాసిన మందు చెప్పిన మోతాదులోనే వాడినా కిడ్నీలు, గుండె దెబ్బతినేవాళ్లుంటారు. కోర్టుకెళితే గెలుస్తామా అన్నది వాళ్ల మొదటి ప్రశ్న. సైడ్ ఎఫెక్ట్ వచ్చినంత మాత్రాన కేసు నిలబడదు. అసలు సైడ్ ఎఫెక్టే లేని మందు దొరకదు. ఆ ప్రమాదం ఎవరికి తెలుసు, ఎప్పుడు తెలుసు, రోగికి చెప్పారా అన్న దగ్గరే చాలా కేసులు తేలతాయి.

తెలిసిన ప్రమాదాన్ని లేబుల్ మీద చెప్పకపోతే బాధ్యత కంపెనీది. హెచ్చరిక ఉన్నా రోగి ఎలర్జీ, వాడుతున్న ఇతర మందులు చూడకుండా రాస్తే డాక్టర్ నిర్లక్ష్యం. ఒకదానికి బదులు మరొకటి ఇస్తే మందుల షాపుది.

అమెరికా అనుభవం చూడండి. అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన లేబుల్ ఉన్నంత మాత్రాన కంపెనీ తప్పించుకోలేదని అక్కడి సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. అదే మందును బ్రాండ్ పేరు లేకుండా చవకగా అమ్మే జెనరిక్ కంపెనీలు మాత్రం అసలు బ్రాండ్ లేబుల్‌నే ఉన్నదున్నట్టు వాడాలి కాబట్టి, హెచ్చరిక చాలలేదని వాటిపై దావా వేయడం కుదరదని 2011లో అదే కోర్టు తేల్చింది. మందు ఒకటే, హాని ఒకటే. చవకైనది వాడినవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. ఇది నాకు ఘోరమైన అన్యాయంగా కనిపిస్తుంది.

ఇక రుజువు సంగతి. వయోక్స్ అనే నొప్పి మందును గుండెపోటు ముప్పు వల్ల దాని తయారీ కంపెనీ మెర్క్ 2004లో వెనక్కి తీసుకుంది, 2007లో దావాలు వేసినవాళ్లతో 485 కోట్ల డాలర్లకు రాజీ పడింది. అంత పెద్ద వ్యవహారంలోనూ ఫలానా మనిషికి గుండెపోటు మందు వల్లే వచ్చిందా, బీపీ వల్లా, పొగతాగడం వల్లా అన్న వాదన తప్పలేదు. మంచం పట్టిన మనిషి ఈ టెన్షన్ ఎన్నేళ్లు మోయగలడు?

అందుకే జపాన్ పద్ధతి నాకు నచ్చుతుంది. మందుల వల్ల జరిగిన పెద్ద విషాదాల తర్వాత, 1980లో అక్కడ సహాయ నిధి మొదలైంది. సరిగ్గా వాడిన మందు వల్ల ఆసుపత్రి పాలైతే, తప్పెవరిదో నిరూపించకుండానే వైద్య ఖర్చులు, వైకల్యం వస్తే పింఛను ఇస్తారు. డబ్బు మందుల కంపెనీల నుంచి వసూలు చేస్తారు. కొన్ని క్యాన్సర్ మందుల్లాంటివి ఇందులోకి రావు. ఇలాంటి నిధి ప్రతి దేశంలో ఉండాలి. ప్రమాదాన్ని దాచిన కంపెనీని నిలదీయడానికి కోర్టు ఎలాగూ కావాలి.

అనుమానం వస్తే మందు స్ట్రిప్‌ను పారేయొద్దు. బ్యాచ్ నంబర్, డాక్టర్ రాసిన చీటీ, బిల్లు, రిపోర్టులు దాచుకోండి. డాక్టర్‌ను అడగకుండా మందు ఆపేయకండి. దావాకు గడువుంటుంది, లాయర్‌ను తొందరగా కలవండి.