రెండుసార్లు కొడితే పట్టిన బ్రేకు బాగున్నట్టు కాదు

పాత కారులో బ్రేకు ఒకసారి పట్టి ఒకసారి పట్టకపోతే ఏం చెయ్యాలో చెప్పే సలహా ఒకటి వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: అది బ్రేక్ ఆయిల్ వెళ్లే లైన్లో చేరిన గాలి, అంతకుమించి ఏం లేదు. పెడల్ రెండు మూడుసార్లు కొడితే పైకొస్తుంది కాబట్టి కంగారు పడక్కర్లేదు. ఆయిల్ తగ్గితే పోసుకోండి, ఏదైనా పర్లేదు. ఎక్కడా లీకు కనిపించకపోయినా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే భాగం) మార్చమంటే ఆ మెకానిక్ డబ్బులు గుంజుతున్నట్టే. ఘాట్‌లో బ్రేకు మెత్తబడితే చక్రాల మీద నీళ్లు కొట్టి దిగిపోండి. మరీ అనుమానంగా ఉంటే నెమ్మదిగా షెడ్డుకి నడుపుకుంటూ వెళ్లండి.

మారుతి 800, జెన్, పాత శాంత్రో, ఇండికా ఇంకా మన ఊళ్లలో రోజూ తిరుగుతూనే ఉన్నాయి, పిల్లల్ని ఎక్కించుకుని మరీ. ఈ సలహా పాటిస్తే మొదట్లో పనిచేసినట్టే ఉంటుంది. నాకు భయం అక్కడే. అందుకే ఒక్కో మాటా తీసుకుని చెప్తున్నాను.

మొదటిది, కొడితే పైకొస్తే గాలే అన్న మాట. గాలి ఉంటే పెడల్ మెత్తగా, స్పాంజి నొక్కినట్టు ఉంటుంది. కొట్టేకొద్దీ పైకొచ్చినా ఆ మెత్తదనం పోదు. వెనక చక్రాల డ్రమ్ముల్లో, లోపలి నుంచి ఒరుసుకుని బండిని ఆపే షూలు అరిగి ఎడం పెరిగినా పెడల్ మొదటిసారి కిందకు పోయి రెండోసారికి పైకొస్తుంది, కానీ కాలికి గట్టిగా తగులుతుంది. దానికి కావలసింది అడ్జస్ట్‌మెంట్. ఎన్నిసార్లు గాలి తీసినా తేడా రాదు. ఇంకొకటి చాలామంది ఊహించనిది: ముందు చక్రం బేరింగ్ వదులైతే గతుకుల్లోనో మలుపులోనో బ్రేక్ డిస్క్ ఊగి, దాన్ని రెండువైపులా నొక్కి పట్టే ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తుంది. ఆ తర్వాత మొదటి బ్రేకు ఖాళీగా పోతుంది, రెండోది పడుతుంది. మంచి రోడ్డు మీద ఎంత నడిపినా ఈ లోపం బయటపడదు. జాకీ మీద లేపి, టైరుని పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగ్ ఆట చేతికే తెలుస్తుంది.

ఇక లీకు కనిపించకపోతే మాస్టర్ సిలిండర్ బాగున్నట్టేనన్న మాట. మొత్తం సలహాలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. మాస్టర్ సిలిండర్ లోపల పిస్టన్‌కి రబ్బరు వాషర్లుంటాయి. అవి అరిగితేనో, సిలిండర్ గోడకు తుప్పు గీతలు పడితేనో ఆయిల్ బయటకు రాదు. వాషర్‌ని దాటి లోపల్లోపలే వెనక్కి జారిపోతుంది. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గదు, నేల మీద చుక్క కనబడదు. పైగా పెడల్‌ని టక్కున గట్టిగా తొక్కితే ఒత్తిడికి వాషర్ అంచు గోడకు అతుక్కుని బ్రేకు పడుతుంది. నెమ్మదిగా నొక్కినప్పుడే జారుతుంది. మెకానిక్ ఒక రౌండు తిప్పి, గట్టిగా తొక్కి చూసి, బాగానే ఉందని బండి ఇచ్చెయ్యడానికి కారణం ఇదే.

పరీక్ష మీరే చేసుకోవచ్చు. చదునైన చోట చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, సిగ్నల్ దగ్గర ఆగినప్పటంత బరువు మాత్రమే పెడల్ మీద వేసి అలాగే పట్టుకోండి. పెడల్ తొక్కి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేస్తే కొద్దిగా దిగి ఆగిపోవడం మామూలే, అది బూస్టర్ (ఇంజిన్ వాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచే భాగం) సాయం. ఆగకుండా మెల్లగా నేల వైపు జారుతూనే ఉంటే, బయట ఎక్కడా తడి లేకపోతే, తప్పు దాదాపు మాస్టర్ సిలిండర్‌దే. చల్లగా ఉన్నప్పుడొకసారి, బాగా తిరిగొచ్చాక ఒకసారి చేసి చూడండి.

లీకు లేదనుకునే ముందు ఇంకో చోటు చూడాలి. మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోతే ఆయిల్ బూస్టర్ లోపలికి పోతుంది. మట్టం తగ్గుతూ ఉంటుంది, చక్రాలన్నీ పొడిగా ఉంటాయి. రెండూ కలిసే చోట కింద వేలు పెట్టి చూస్తే తడి తగులుతుంది. అక్కడ పెయింటు ఉబ్బి పొరలుగా లేచిపోయినా అదే గుర్తు, ఎందుకంటే బ్రేక్ ఆయిల్ పెయింటుని తినేస్తుంది.

పెడల్ తొక్కుతూ లైన్లోంచి గాలి తీసేటప్పుడు ఒక జాగ్రత్త. పాత సిలిండర్లో పిస్టన్ ఏళ్లుగా నడిచిన మేర నున్నగా ఉంటుంది, అవతల తుప్పో మడ్డో పేరుకుంటుంది. పెడల్‌ని నేలకు అంటేదాకా తొక్కితే వాషర్ ఆ గరుకులోకి వెళ్లి చీరుకుపోతుంది. పెడల్ కింద చెక్కముక్క పెట్టి తొక్కాలి. గాలి తీయించిన మర్నాడే బ్రేకు ఇంకా పాడైందని వాపోయేవాళ్లలో కొందరి కథ ఇదే.

ఆయిల్ ఏదైనా పర్లేదా? పర్లేదు అనడం తప్పు. ఇంజిన్ ఆయిల్ కొంచెం పడినా లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్ రకాల్లో డాట్ 3, డాట్ 4 ఒకదానితో ఒకటి కలుస్తాయి గానీ సిలికాన్ రకమైన డాట్ 5 వాటితో కలవదు. డబ్బా మూత మీద ఏం రాసుందో అదే పొయ్యాలి. అయినా మట్టం తగ్గిందంటే ప్యాడ్లు అరిగాయనో, ఎక్కడో కారుతోందనో అర్థం. కారణం చూడకుండా పోస్తే ఆ గుర్తు చెరిపేసినట్టే.

ఘాట్ సంగతి. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. నీరు 3.7 శాతానికి చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి 230 నుంచి 155కి. తిరుమల నుంచి మొదటి ఘాట్ రోడ్డులో బ్రేకు మీద కాలు తీయకుండా దిగితే, ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే కాలిపర్ దగ్గర ఆ వేడి పుడుతుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలొస్తాయి, పెడల్ ఖాళీగా పోతుంది. ఆగితే చల్లారి మళ్లీ పడుతుంది, కానీ ఆయిల్లో నీరు అలాగే ఉంది, తర్వాతి మలుపుల్లో మళ్లీ మరుగుతుంది. కాలిన డిస్క్ మీద నీళ్లు కొడితే అది వంగే ప్రమాదం అదనం. రెండో గేరులో దిగండి, ఆయిల్ రెండేళ్లకోసారి పూర్తిగా మార్చండి.

అప్పుడప్పుడూ పెడల్ రాయిలా బిగుసుకుపోతుంటే అది గాలి కానే కాదు. బూస్టర్‌నీ, దాని వాక్యూమ్ గొట్టాన్నీ చూడాలి. ఇంజిన్ ఆపి పెడల్ గట్టిపడేదాకా కొట్టి, తొక్కి పట్టుకునే స్టార్ట్ చెయ్యండి. కొంచెం కూడా దిగకపోతే సాయం అందట్లేదన్నమాట. బ్రేకు వదిలినా ఒక చక్రం వదలకపోతే పాత రబ్బరు హోస్ లోపల ఉబ్బి ఉండొచ్చు. ఆ చక్రం దగ్గర గాలి తీసే బ్లీడర్ మరను విప్పగానే చక్రం తిరిగితే అనుమానం హోస్ మీదే, అప్పటికీ బిగుసుకునే ఉంటే కాలిపర్ పట్టేసింది.

చివరిది, నెమ్మదిగా షెడ్డుకి నడుపుకుంటూ వెళ్లమనడం. వాషర్ అరిగిన మాస్టర్ సిలిండర్ జారేది సరిగ్గా నెమ్మదిగా వెళ్లేటప్పుడే. సిగ్నల్ దగ్గర, ట్రాఫిక్‌లో, ముందు స్కూటర్ మీద మనిషి ఆగి ఉన్నప్పుడు పెడల్ మీద తేలిగ్గా పెట్టిన కాలు కిందే అది దిగిపోతుంది. పైన చెప్పిన పరీక్షలో పెడల్ జారిన బండిని గేటు దాటించకండి. మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి, లేదా టోయింగ్ బండి మీద ఎక్కించి పంపండి.