కెనడాలో టొరంటో పక్కనున్న మా బ్రాంప్టన్ అంటే అంత చులకనేంటి మీకు?

ఇప్పుడే ఒక బర్త్‌డే పార్టీ నుంచి వచ్చా, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. మాకు దగ్గర్లోనే మిల్టన్ అనే ఊళ్ళో కొత్తగా ఇల్లు కొన్నాయన, మన తెలుగువాడే, "ఎక్కడుంటారండీ" అన్నాడు. బ్రాంప్టన్ అన్నా. "ఓహో పంజాబా! వీసా ఇచ్చారా మరి?" అని జోకు. అందరూ పగలబడి నవ్వడం. మా ఆయన కూడా నవ్వాడు, ఆయన సంగతి వేరే చూస్తా.

అయ్యా, 2021 సెన్సస్ ప్రకారం మా ఊళ్ళో 6 లక్షల 56 వేల మంది ఉన్నారు, అందులో సిక్కులు 25 శాతం. అంటే నలుగురిలో ఒక్కరు. మిగతా ముగ్గురూ నీకు కనపడరా? సగానికి పైగా సౌత్ ఏషియన్లే, సరే ఒప్పుకుంటా, కానీ ఆ లెక్కలో గుజరాతీలు, పాకిస్తాన్ వాళ్ళు, శ్రీలంక తమిళులు, నువ్వూ నేనూ అందరం ఉన్నాం కదా బాబూ. మాకు ఒక పక్క జమైకా ఆంటీ, ఇంకో పక్క గయానా వాళ్ళు, వాళ్ళ ముత్తాతలు ఎప్పుడో చెరుకు తోటల్లో పనికి మద్రాసు ఓడెక్కి పోయారట, ఎదురింట్లో పోర్చుగీస్ తాత. మంచులో నా కారు ఇరుక్కుంటే పిలవకుండానే పార పట్టుకొచ్చింది మాత్రం నువ్వు నవ్విన ఆ సర్దార్జీయే.

తిట్టాలంటే తిట్టడానికి బోలెడున్నాయి. ఇంత ఊరికి ఎమర్జెన్సీ ఉన్న హాస్పిటల్ ఒక్కటే, 2020లో కౌన్సిలే హెల్త్ కేర్ ఎమర్జెన్సీ అని ప్రకటించుకుంది. కారు ఇన్సూరెన్స్ చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఎల్‌ఆర్‌టీ, అంటే రోడ్డు మీద పోయే లైట్ రైలు, డౌన్‌టౌన్ దాకా వస్తానంటే 2015లో మా కౌన్సిలే వద్దని ఓటేసింది, దాంతో ఊరి దక్షిణాన స్టీల్స్ రోడ్డు దాకానే కట్టడం మొదలుపెట్టారు. వీటి మీద వెయ్యండి జోకులు, నేనూ నవ్వుతా. మళ్ళీ శనివారం అయ్యేసరికి గోంగూరకీ కరివేపాకుకీ ఇక్కడికే తయారు.

అయినా పంజాబీలు ఒకచోట ఉంటే ఘెట్టో, మనవాళ్ళు వాట్సాప్‌లో మాట్లాడుకుని ఒకే వీధిలో వరసగా ఇళ్ళు బుక్ చేసుకుంటే మాత్రం కమ్యూనిటీ! అందులోనూ ఏ మనవాళ్ళు? "మీదే ఊరండీ", "అక్కడ ఎవరి తాలూకా", "ఇంటిపేరు?" ఈ మూడూ అడక్కుండా పప్పు కూడా వడ్డించరు. పక్కింటి ఆంటీ ఇన్నేళ్ళలో ఒక్కసారి అడగలేదు ఇవి. ఈయన ఇవాళ "మా తెలుగు గ్రూప్‌లో యాడ్ చేస్తా నంబర్ చెప్పండి" అని ఫోన్ తీశాడు, మాటల్లో ఇంటిపేరు అడిగాడు, చెప్పాను, ఫోన్ జేబులో పెట్టేసుకుని కేక్ కట్ చేస్తున్నారు రండి అన్నాడు.