ఎనిమిది బార్ల విద్వత్తు

రష్యన్ స్వరకర్త రక్మానినోవ్ రెండో పియానో కాన్చెర్టో (పియానోకూ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసిన రచన) గురించి మాట్లాడే అర్హత నాకుందా అని ఎవరికైనా సందేహం ఉంటే, మా ఇంటికొచ్చి బీరువా తెరిచి చూసుకోవచ్చు. ఒకే కాన్చెర్టో, పదకొండు రికార్డింగులు. చీరలుండాల్సిన అరలో సీడీలున్నాయని మా ఆవిడ ఫిర్యాదు. చీరలు మాత్రం అన్నీ ఒకటే కాదా అని ఒకసారి అడిగాను. మళ్లీ అడగలేదు.

దీని పుట్టుక కథ కరుణరసభరితం. 1897లో పీటర్స్‌బర్గ్‌లో రక్మానినోవ్ మొదటి సింఫనీ ఘోరంగా దెబ్బతింది. సీజర్ క్యూయి అనే స్వరకర్త సమీక్ష రాస్తూ దాన్ని ఈజిప్టు మీద పడ్డ పది అరిష్టాలతో పోల్చాడు. ఆ దెబ్బకు కుంగిపోయిన మనిషిని నికొలాయ్ దాల్ అనే డాక్టరు హిప్నాటిజంతో లేపి కూర్చోబెట్టాడు. 1901లో మాస్కోలో ఈ కాన్చెర్టోను పూర్తిగా వినిపించారు. అంకితం డాక్టరుగారికే. స్వరకర్త జబ్బు నయమైంది. శ్రోతలకు పట్టుకోబోయే జబ్బు సంగతి డాక్టరుగారు ఆలోచించలేదు.

కాన్చెర్టో నిడివి అరగంట పైమాటే. కానీ రికార్డింగులు పోల్చే విద్వాంసుడికి మొదటి ఎనిమిది బార్లు చాలు. (బార్లంటే ఇక్కడ తాళం గీతల మధ్య ఉండే గళ్లు. ఈ మాట చెప్పకపోతే మా వీధిలో నా పరువు దక్కదు.) ఆర్కెస్ట్రా ఊరుకుంటుంది. పియానో ఒక్కటే దూరపు చర్చి గంటలా మోగుతుంది. పైన స్వరాల గుత్తి, అడుగున ఒక మంద్రస్వరం, మళ్లీ గుత్తి, ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా. రాసినాయన పెట్టిన మెట్రోనోమ్ (లయ వేగం కొలిచే యంత్రం) లెక్కన ఇదంతా పావు నిమిషంలో తేలిపోవాలి. అలా తేల్చేవాళ్లు అరుదు. 1959లో వార్సాలో స్వియతోస్లావ్ రిక్టర్ చేసిన రికార్డింగులోనైతే గంటకూ గంటకూ మధ్య వెళ్లి పాలు పొయ్యి మీద పెట్టి రావచ్చు. ఆ మౌనంలో రష్యా మొత్తం కనిపిస్తుందని నేను చాలాచోట్ల చెప్పాను. నేను రష్యా వెళ్లలేదు.

ఇక ఎడమచేతి గుత్తులు. పది తెల్లమీటల వెడల్పు సాగాలి. రక్మానినోవ్ ఆరున్నర అడుగుల మనిషి, చేతులూ దానికి తగ్గవే. మామూలు చేతులవాళ్లు స్వరాలను ఒకేసారి మోగించలేక ఒకదాని వెనక ఒకటి జార్చాల్సి వస్తుంది. దీన్ని మేం క్షమించం. విమర్శించేవాడి జానకు ఎనిమిది మీటలైనా అందుతాయా అని అడగడం సభామర్యాద కాదు.

అసలు చిక్కు స్వరకర్తతోనే. 1929లో స్టొకోవ్‌స్కీ నడిపిన ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో ఆయనే కూర్చుని దీన్ని రికార్డు చేసేశాడు. ఇతరులు కళ్లొత్తుకునే చోట ఈయన రైలుకు టైమైనట్టు సాగిపోతాడు. అప్పటి రికార్డుకు ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలే పట్టేది కాబట్టి తొందరపడ్డాడని కొందరు సర్దిచెబుతారు. ఆయనకు తన సంగీతం అర్థం కాలేదని మిగతావాళ్ల నమ్మకం. కానీ పైకి అనరు, ‘చారిత్రక విలువ ఉంది’ అంటారు. కచేరీ బాగాలేనప్పుడు మనం ‘తంబురా శ్రుతి బాగా కుదిరిందండీ’ అనమూ, అలాగే.

2007లో మా శాస్త్రం మీద ఒక పిడుగు పడింది. జాయిస్ హాటో అనే బ్రిటిష్ పియానిస్టు అంతకు ముందు ఏడాదే పోయింది. కచేరీలు మానేసి చాలా ఏళ్లయినా, ఆమె భర్త తన చిన్న కంపెనీ నుంచి ఆమె పేరు మీద వందకు పైగా సీడీలు తెచ్చాడు. ఇంతటి కళాకారిణిని లోకం గుర్తించలేదే అని సమీక్షకులు బాధపడ్డారు. లిస్ట్ అనే స్వరకర్త రచనలతో ఆమె పేరు మీద వచ్చిన సీడీని ఒక శ్రోత కంప్యూటర్లో పెడితే తెర మీద లాస్లో సిమోన్ అనే మరో పియానిస్టు పేరొచ్చింది. అక్కణ్నుంచి డొంకంతా కదిలింది. ఆమె రక్మానినోవ్ కూడా యెఫిమ్ బ్రాన్ఫ్‌మన్ వాయించిందేనట. అట్ట మీదున్న కండక్టర్ రెనే కోలర్ అసలు పుట్టనే లేదు. చివరికి భర్త ఒప్పుకున్నాడు.

కంప్యూటర్ సంగీతం విని పోల్చుకోలేదని గమనించాలి. అది ట్రాకుల నిడివి చూసింది, అంతే. మౌనంలో రష్యాను చూసిన చెవులకు అందనిది సెకన్ల లెక్కకు దొరికింది. దీంతో మా శాస్త్రం అబద్ధమని కొందరు వెటకారమాడారు గానీ, నాకు మాత్రం అది రుజువైనట్టే అనిపించింది. మేమూ సెకన్లే లెక్కపెడతాం కదా. కాకపోతే ముందు అట్ట చదువుతాం.

మొన్న ఆదివారం మా అమ్మాయి పక్కన కూర్చుని ఐదు రికార్డింగుల ఆరంభాలు ఓపిగ్గా వింది.

“నాన్నా, ఈ గంటల తర్వాత ఏమొస్తుంది?”

“ఆర్కెస్ట్రా వస్తుందమ్మా.”

“ఆ తర్వాత?”

కళ్లజోడు వెతుక్కుని, సీడీ అట్ట వెనక్కి తిప్పాను.