పీపాలో లేనిదాన్ని రుచి చూడటం ఎలా?

స్కాట్లండ్‌లో ఇండిపెండెంట్ బాట్లర్లని ఒక వర్గం ఉంది. ఎవరో కాచిన విస్కీని పీపాల లెక్కన కొని, గోడౌన్‌లో పెట్టి తాళం వేసి, ఎదురుచూడటం వీళ్ల వృత్తి. పదేళ్లు, ఇరవై ఏళ్లు, కుదిరితే మనవడి పెళ్లి దాకా. ఆ తర్వాత తమ పేరుతో సీసాలకెత్తి అమ్ముతారు. ఇదీ ఒక పనేనా అని వెక్కిరించేవాళ్లకు ఆర్థికశాస్త్రం తెలియదు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మనం బెదిరిపోయాం. ఎల్గిన్‌లో 1895లో కిరాణా కొట్టుగా మొదలైన గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ వాళ్లు కూర్చునే కొండలు పెంచారు. 1940 ఫిబ్రవరిలో గ్లెన్‌లివెట్ అనే డిస్టిలరీ (విస్కీ కాచే బట్టీ) సరుకు ఒక పీపాలో పోయించి 2020లో బయటికి తీశారు. ఈలోగా ప్రపంచ యుద్ధం ముగిసింది, మనకు స్వాతంత్ర్యం వచ్చింది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, విడిపోయింది కూడా. పీపా మాత్రం కదల్లేదు. తీరా చూస్తే 250 డికాంటర్లకు, అంటే గాజు కూజాలకు, సరిపడా విస్కీ తేలింది.

ఈ విద్యకు మూలసూత్రం ఒక్కటే: సీసాలో ఏది లేదో దానికే డబ్బు. మామూలు మనిషి ఏముందని అడుగుతాడు, రసికుడు ఏం లేదని అడుగుతాడు. కారమెల్ రంగు వేసుకోవచ్చని చట్టం ఒప్పుకున్నా వేయలేదు. చలికి మసకబారకుండా చల్లబరిచి వడకట్టడమూ లేదు. నీళ్లు కలపలేదు, పీపాలో ఎంత ఘాటుంటే అంతే, ఒక్కోసారి 58 శాతం ఆల్కహాల్. నీళ్లు కలపనందుకు అదనంగా డబ్బు కట్టిన పెద్దమనిషి ఇంటికొచ్చి, జేబులోంచి డ్రాపర్ తీసి, తనే చుక్క చుక్కగా నీళ్లు కలుపుకుంటాడు.

అన్నిటికన్నా ఖరీదైన లేమి విస్కీదే. ఓక్ చెక్కలోంచి స్కాట్లండ్ చలిలో కూడా ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. దాన్ని దేవదూతల వాటా అంటారు. 250 లీటర్ల పీపాను 30 ఏళ్లు వదిలేస్తే దగ్గర దగ్గర సగం దేవదూతలే తాగేస్తారు. ఇంకే వ్యాపారంలోనైనా దీన్ని తరుగు అని రాసి గుమస్తాను నిలదీస్తారు. ఇక్కడ కొనేవాడికి గర్వంగా చెప్పుకుంటారు. పైగా ఘాటు కూడా ఏటా దిగుతుంటుంది, 40 శాతం కిందికి పోతే చట్టప్రకారం అది స్కాచే కాదు. 41 దగ్గరికొచ్చిన పీపాను ఈ వారమే దించాలా, ఆగి లేబుల్ మీద ఇంకో ఏడాది చేర్చుకోవాలా అన్న టెన్షన్‌తో యజమానికి నిద్ర పట్టదు.

మన బెంగళూరులో దేవదూతలకు దాహం ఇంకా ఎక్కువ, ఏటా 10 శాతం పైనే. 2004లో గ్లాస్గోలో తమ సింగిల్ మాల్ట్‌ను (మొలకెత్తిన బార్లీతో ఒకే డిస్టిలరీలో కాచిన విస్కీని) విడుదల చేసిన అమృత్ వాళ్లు అందుకే చాలావరకు లేత వయసులోనే సీసాలకెత్తేస్తారు. తొందరపాటు. 30 ఏళ్లు ఓపిక పడితే పీపా అడుగున తడి మాత్రమే మిగిలేది. పై సూత్రం ప్రకారం దాన్ని కొనగలిగే ధనవంతుడు భూమ్మీద ఉండడు.

ఇక పేరు. చాలా డిస్టిలరీలు పీపా అమ్ముతాయి గానీ తమ పేరు వాడనివ్వవు. ‘స్పేసైడ్‌లోని ఒక డిస్టిలరీ’ అని ప్రాంతం పేరు రాసుకోవాల్సిందే. 1983లో ఎడిన్‌బరోలోని లీత్‌లో పుట్టిన స్కాచ్ మాల్ట్ విస్కీ సొసైటీ డిస్టిలరీల పేర్లకు బదులు అంకెలు వేసింది. 29 అంటే లాఫ్రోయిగ్, 33 అంటే ఆర్డ్‌బెగ్. ఈ సంగతి సభ్యులందరికీ తెలుసు. అయినా వెనకటి ఇల్లాళ్లు మొగుడి పేరు నోటితో పలకకుండా ‘మా పెద్దాడి నాన్న’ అన్నట్టు, లేబుల్ ఆ పేరు ఎత్తదు. ఇంకా ముచ్చటైనది చెంచా పద్ధతి. గ్లెన్‌ఫిడిచ్, బాల్వెనీ డిస్టిలరీలు రెండూ ఒకే యజమానివి. ఒకదాని పీపాలో రెండోదాని విస్కీ ఒక్క చెంచాడు పోస్తే చాలు, ఇక అది సింగిల్ మాల్ట్ కాదు. వార్డ్‌హెడ్ అనో బర్న్‌సైడ్ అనో పేరు మార్చుకుని బయటికొస్తుంది. వందల లీటర్లలో ఆ చెంచాడును పట్టగల నాలుక ఇంకా పుట్టలేదు. పట్టామని చెప్పేవాళ్లకు మాత్రం కొదవ లేదు.

రుచి చూసే పద్ధతి కూడా చెప్పాలి. తులిప్ పువ్వు ఆకారపు గ్లెన్‌కేర్న్ గ్లాసులో అడుగున కాస్త పోసి, అరగంట దాని వంక చూస్తూ కూర్చోవాలి. వెంటనే తాగేవాడు అనాగరికుడు. తర్వాత కుడి ముక్కుతో ఒకసారి, ఎడమ ముక్కుతో ఒకసారి వాసన పట్టాలి. స్కాట్లండ్‌లోని ఐలా దీవి సరుకైతే పీట్ (బురదనేలల్లో తవ్వి ఎండబెట్టే మట్టి ఇంధనం) పొగ, తారు, అయోడిన్, కట్టు గుడ్డ తగలాలి. సర్కారు ఆసుపత్రి డ్రెస్సింగ్ గదిలో ఉచితంగా దొరికే వాసనలే, కాకపోతే అక్కడ మార్కులు వేయరు. అమెరికాలో మద్యనిషేధం నడిచిన రోజుల్లో కూడా లాఫ్రోయిగ్‌ను ఔషధం కింద రానిచ్చారు. అలా రానిచ్చిన అధికారి ముక్కు నిజాయితీ గలది.

మనవాళ్లలోనూ ఈ విద్య నేర్చినవాళ్లు తయారయ్యారు. స్కాట్లండ్ కొండల మీద పూసే హెదర్ పువ్వు ఎలా ఉంటుందో చూడనివాడు కూడా నోట్‌బుక్‌లో హెదర్ అనే రాస్తాడు. గ్లాసులో తాటిబెల్లం, కాల్చిన తేగ, పొగాకు బ్యారన్ తలుపు తీసినప్పటి ఘాటు కొట్టొచ్చినట్టు తెలుస్తున్నా పైకి అనడు. అంటే మర్నాటి నుంచి సభకు పిలవరు.

పోల్చడంలో అసలు పోటీ సోదర పీపాల మధ్యే. ఒకే డిస్టిలరీ, ఒకే రోజు నింపినవి, పక్కపక్క నంబర్లు. చెక్కను బట్టి రుచి నిజంగానే మారుతుంది, అందులో వెక్కిరించడానికేమీ లేదు. కానీ ఒకదానికి 91, రెండోదానికి 90 వేసి, ఆ ఒక్క మార్కు కోసం అర్ధరాత్రి దాకా వాదించుకునేవాళ్లను చూస్తే, మన ఇంటర్ బోర్డు రీవాల్యుయేషన్ వాళ్లకే అప్పగించాలనిపిస్తుంది. లేబుల్ కప్పిపెట్టి పోస్తే వాదన ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. అందుకే పెద్దలు లేబుల్ కప్పరు.

లేమికి పరాకాష్ఠ ఏకంగా డిస్టిలరీయే లేకపోవడం. 1983లో పోర్ట్ ఎలెన్, బ్రోరా మూతపడ్డాయి, 1993లో రోజ్‌బ్యాంక్. నడిచినన్నాళ్లూ పోర్ట్ ఎలెన్, బ్రోరాల సరుకు ఎక్కువగా బ్లెండ్‌లలో, అంటే రకరకాల విస్కీల మిశ్రమాల్లో, కలిసిపోయేది, పట్టించుకున్నవాళ్లు తక్కువ. తాళం పడ్డాక రుచి ఏటేటా పెరుగుతూ పోయింది, బాట్లర్ల గోడౌన్లలో మిగిలిన పీపాలు బంగారమయ్యాయి. అంతా సవ్యంగా సాగుతుండగా 2021లో బ్రోరాను, 2023లో రోజ్‌బ్యాంక్‌ను, 2024లో పోర్ట్ ఎలెన్‌ను మళ్లీ నడిపించడం మొదలుపెట్టారు. ఉన్న విస్కీని ఎవడు కొంటాడు? గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ ఒక్కటే దారి తప్పలేదు, 2024 నుంచి పరాయి డిస్టిలరీల కొత్త సరుకు నింపడమే మానేసింది. ఆ మూడింటికీ వెంటనే తాళాలు వేయించాలని స్కాట్లండ్ ప్రభుత్వానికి ఒక అర్జీ రాసి పెట్టాను. సంతకం చేసేవాళ్లు పేరు రాయనక్కర్లేదు, నంబరు వేస్తే చాలు.