రెండో మోటారు ఉన్నంత మాత్రాన సరిపోదు

స్టీరింగ్‌కూ ముందు చక్రాలకూ మధ్య ఇనుప కడ్డీ లేని కార్లు రోడ్డెక్కేశాయి. 2013లో వచ్చిన ఇన్ఫినిటీ క్యూ50లో కడ్డీని పూర్తిగా వదులుకోలేదు. మూడు కంట్రోల్ యూనిట్లు పెట్టి, అవి కూడా చేతులెత్తేస్తే క్లచ్ ద్వారా పాత కడ్డీ కలిసేలా ఉంచారు. 2023 చివర్లో డెలివరీలు మొదలైన టెస్లా సైబర్‌ట్రక్‌లో ఆ కడ్డీ లేనే లేదు. మన చెయ్యి తిప్పిన కోణం వైర్లలో సంకేతంగా వెళ్తుంది, ముందు చక్రాలను మోటార్లు తిప్పుతాయి.

ఇది భద్రమేనా అని అడిగితే తరచూ వినిపించే జవాబు: ‘రెండు మోటార్లు ఉన్నాయి కదా, ఒకటి పోతే ఇంకోటి చూసుకుంటుంది’. నా దృష్టిలో ఈ జవాబు చాలదు. ఆ రెండూ ఒకే కారణంతో పోయే దారి ఎక్కడైనా మిగిలి ఉందా అన్నది తేలాలి.

మామూలు ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌లో లోపం వస్తే మోటారును ఆపేస్తే చాలు. స్టీరింగ్ బరువెక్కుతుంది, కానీ కడ్డీ ఉంది కాబట్టి బండి మన చేతిలోనే ఉంటుంది. కడ్డీ లేని బండిలో ఆపేయడమే ప్రమాదం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనుకు బండి దాదాపు 28 మీటర్లు దాటుతుంది. మలుపులో ఆ సెకను చాలా ఎక్కువ. కాబట్టి లోపం వచ్చినా పని ఆగకూడదు.

చిన్న లెక్క వేద్దాం. ఒక మోటారు, దాని కంప్యూటరు, దాని కరెంటు కలిపి ఒక చానెల్ అనుకుందాం. అది సగటున లక్ష గంటలకు ఒకసారి చెడిపోతుందనుకుందాం. రెండు చానెళ్లకూ ఏ సంబంధం లేకపోతే ఒకే గంటలో రెండూ పోవడం వెయ్యి కోట్ల గంటలకు ఒకసారి మాట. కానీ చెడిపోయే కారణాల్లో నూటికి ఒకటి రెండింటినీ కలిపి దెబ్బతీసేదైతే? అప్పుడు లెక్క కోటి గంటలకు ఒకసారికి పడిపోతుంది, అంటే వెయ్యి రెట్లు అధ్వానం. వాహనాల భద్రతా ప్రమాణం ఐఎస్‌ఓ 26262, అత్యంత కఠినమైన ఏసిల్-డి స్థాయిలో, హార్డ్‌వేర్ లోపాలకు పెట్టిన లక్ష్యం పది కోట్ల గంటలకు ఒకటి కంటే తక్కువ. మూడో చానెల్ తగిలించినా ఆ ఉమ్మడి కారణం అలాగే ఉంటే మన లెక్క పెద్దగా మారదు.

ఏరియన్ 5 రాకెట్‌కు జరిగింది ఇదే. 1996 జూన్ 4న, తొలి ప్రయోగంలో, దిశను చెప్పే కంప్యూటర్లు రెండున్నాయి. రెండింటిలోనూ ఒకే హార్డ్‌వేర్, ఒకే సాఫ్ట్‌వేర్. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి మార్చబోతే అది పట్టక, ముందు స్టాండ్‌బైగా ఉంచిన కంప్యూటరు ఆగింది. సెకనులో పదో వంతు కూడా గడవకముందే అదే తప్పుతో రెండోదీ ఆగింది. విమానాల వాళ్లు ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టారు. 1988లో సర్వీసులోకి వచ్చిన ఎయిర్‌బస్ ఏ320లో ఒక రకం కంట్రోల్ కంప్యూటర్లకు మోటరోలా ప్రాసెసర్లు, ఇంకో రకానికి ఇంటెల్ ప్రాసెసర్లు వాడారు. ఖర్చు పెరిగినా ఒకే తప్పు అందరి చేతా జరగకూడదన్నదే ఉద్దేశం.

కార్లలో ఖర్చు తగ్గించడానికి రెండు మోటార్లకు బదులు ఒకే మోటారు బాడీలో రెండు సెట్ల వైండింగ్‌లు (తీగ చుట్లు) చుట్టడం బాగా నడుస్తోంది. ఒక్కో సెట్‌కు మూడు ఫేజ్‌లు, చుట్లలోకి కరెంటును మార్చి పంపే సొంత ఇన్వర్టర్, సొంత ప్రాసెసర్, సొంత కనెక్టర్. ఒక సగం పోయినా మిగతాది దాదాపు సగం బలంతో తిప్పుతుంది. వేగంలో ఆ బలం సరిపోతుంది. నిలబడిన బండి టైరు తిప్పాలంటేనే కష్టం.

కానీ సగం ‘పోవడం’ అన్ని వేళలా ఒకేలా ఉండదు. వైరు తెగితే ఆ వైండింగ్ నిశ్శబ్దంగా పడి ఉంటుంది. అదే ఇన్వర్టర్‌లో ట్రాన్సిస్టర్లు షార్ట్ అయితే, అయస్కాంతం తిరిగినప్పుడల్లా చెడిన వైండింగ్‌లో కరెంటు పుట్టి బ్రేకులా లాగుతుంది. చచ్చిన సగం బతికున్న సగంతో పోట్లాడుతుందన్నమాట. దాన్ని మోటారు నుంచి విడదీసే స్విచ్‌లు లేకపోతే రెండో సెట్ ఉన్న ప్రయోజనమే దెబ్బతింటుంది. పైగా బేరింగ్, షాఫ్ట్, మోటారు తిరుగుడును చక్రాలను పక్కకు నెట్టే కదలికగా మార్చే బాల్ స్క్రూ రెండింటికీ ఉమ్మడే. లోపలికి నీరు చేరినా, స్క్రూ బిగుసుకున్నా కాపాడే రెండో దారి లేదు.

సెన్సర్ల సంగతీ అంతే. రెండు సెన్సర్లు రెండు కోణాలు చెబితే ఏది తప్పో తెలియదు కాబట్టి మూడోది పెట్టి ఓటింగ్ చేయిస్తారు. మూడూ ఒకే అయస్కాంత సూత్రంతో పనిచేస్తుంటే, పక్కనుంచి వెళ్లే భారీ కరెంటు వైరు మూడింటినీ ఒకే వైపు తప్పుదోవ పట్టించగలదు. అప్పుడు తప్పుడు కోణమే ఏకగ్రీవంగా గెలుస్తుంది.

1989 జులైలో యునైటెడ్ 232 విమానం, డీసీ-10, తోకలోని ఇంజిన్ డిస్క్ పగిలి, విమానాన్ని అదుపు చేసే మూడు హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో పనిచేసే) వ్యవస్థలనూ కోల్పోయింది. మూడింటి గొట్టాలూ ఆ తోకలోంచే వెళ్లేవి. అయినా సిబ్బంది ఎడమ, కుడి ఇంజిన్ల బలాన్ని మార్చుతూ విమానాన్ని అమెరికాలోని సూ సిటీ ఎయిర్‌పోర్టు దాకా తెచ్చారు. ఉన్న 296 మందిలో 184 మంది బతికారు. కారులో దీనికి సరితూగేది బ్రేకులే. ఒక వైపు చక్రాలకే బ్రేకు వేస్తే బండి ఆ వైపు తిరుగుతుంది. స్టీరింగ్‌తో తిరిగినంత పదునుగా తిరగదు, కానీ పక్కకు చేర్చి ఆపడానికి పనికొస్తుంది. అయితే బ్రేకుల కంప్యూటరుకు కరెంటు స్టీరింగ్ వాడే ఫ్యూజ్ పెట్టె నుంచే వస్తుంటే ఆ ఆశా పోయినట్టే. రెండు విద్యుత్ వనరులు, ఒక వైపు షార్ట్ అయితే రెండో వైపును విడదీసే స్విచ్, వేర్వేరు దారుల్లో వైరింగ్: వీటి మీద కంపెనీలు పైసా కూడా ఆదా చేయకూడదు.

ఇక నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది మొదటి లోపం వచ్చిన తర్వాతి కాలం. విమానమైతే దిగాక మెకానిక్ చూస్తాడు. కారులో పసుపు లైటు వెలిగితే ‘బండి నడుస్తూనే ఉందిగా’ అని నెలల తరబడి తిప్పేవాళ్లు ఎందరో. పై లెక్కలోనే, ఒక చానెల్ పోయాక 1,000 గంటలు నడిపితే ఆలోగా రెండోదీ పోయే అవకాశం నూటికి ఒకటి. వెయ్యి కోట్ల మాట ఎక్కడ, నూటికి ఒకటి ఎక్కడ! అందుకే హెచ్చరిక లైటుతో సరిపెట్టకూడదని నా వాదన. లోపం తెలిసిన క్షణం నుంచి వేగం మెల్లగా తగ్గాలి, కానీ నడిరోడ్డు మీద ఆగిపోకూడదు. ఆ ప్రయాణం పూర్తయ్యాక మళ్లీ స్టార్ట్ చేస్తే, వర్క్‌షాప్ దాకా వెళ్లడానికి సరిపడా దూరం మాత్రమే, గంటకు 30, 40 కిలోమీటర్లు దాటకుండా నడవాలి. ఊరికి దూరంగా చిక్కుకున్నవాళ్లకు ఇది ఇబ్బందే. అయినా ఈ హద్దును కంపెనీల ఇష్టానికి వదలకుండా, బండికి అనుమతి ఇచ్చేటప్పుడే నిబంధనల్లో రాయాలి. పరీక్షలో ఒక చానెల్‌ను కావాలని చంపి, మిగతాది ఎంత దూరం, ఏ వేగంలో మోస్తుందో కొలిచి చూపించమనాలి.